వేళ్ళ హాజరు

మందు మొదలెట్టిన 58వ రోజు

డాక్టరమ్మ జరీనా ఈ పుస్తకమూ ఒక పెన్సిలూ చేతిలో పెట్టి, "రోజూ ఒంట్లో ఎలా ఉందో రాయండి నూకరత్నంగారూ. అబద్ధం మాత్రం రాయకండి" అంది. అబద్ధం రాయాల్సిన ఖర్మ నాకేం పట్టింది? రాస్తాను. పొద్దున్న లేచి పళ్ళు తోముకున్నాను. తోముకున్న ఆయాసం తీరడానికి మంచం మీద కూర్చున్నాను. కూర్చున్న ఆయాసం తీరడానికి పడుకున్నాను. ఇదీ వరస.

నాకు యాభై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా తాడు మనిషిని. సముద్రం మీద తేలే మా తేలుదిబ్బ కిందకి దిగి, అడుక్కి పట్టిన గుల్ల గీకే వాళ్ళ నడుముకి ఒక తాడు కడతారు, దాని రెండో కొస పైన నా చేతిలో ఉంటుంది. కాబట్టి అలుపంటే నాకు ఒకరు చెప్పక్కర్లేదు. పని చేసిన అలుపుకి ఒక మర్యాద ఉంది, రెండు ముద్దలు తిని నడుం వాలిస్తే వెళ్ళిపోతుంది. ఇది అలాంటిది కాదు. పడుకున్నకొద్దీ పెరుగుతోంది.

నాలుగు నెలల కిందట పెద్దపేగులో కాన్సరని చెప్పి జానెడు ముక్క కోసి తీసేశారు. దాని విత్తనాలు ఎక్కడన్నా మిగిలాయేమోనని ఇప్పుడు రెండు వారాలకోసారి సీసా కట్టి మందెక్కిస్తున్నారు. ఐదు సీసాలయ్యాయి, ఇంకా ఏడున్నాయి. పుండు పోయింది, కోత మానింది. మరి ఈ నీరసం ఎక్కణ్ణించి వచ్చి నా నెత్తిన కూర్చుంది?

హాజరు గంట కొడితే, అందరం చేరే చపటా మీదకి వెళ్ళాను. తొంభై నాలుగు మందిమీ వరసగా నిలబడ్డాం. దానయ్య బాబాయ్ పలక పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్కరూ ఈ రోజు తమకి ఎంత సత్తువ ఉందో అన్ని వేళ్ళు ఎత్తి చూపించాలి, ఆ లెక్కనే పని పంచుతాడు. ఎవరి సత్తువ వాళ్ళే చెప్పాలి. ఇంకొకరు అడక్కూడదు, కాదనకూడదు. దిబ్బ కట్టేటప్పుడు "నీవల్ల అవుతుంది, చెయ్యి చెయ్యి" అని తోసి తోసి పదకొండు మందిని పోగొట్టుకున్నాక పెద్దలు పెట్టిన పద్ధతి ఇది.

తాడు పట్టాలంటే ఎనిమిది వేళ్ళుండాలి. ఎనిమిది ఎత్తాను. నిజానికి నా దగ్గర ఎన్నున్నాయి అంటే, సరే, అబద్ధం రాయొద్దంది కదా. రెండు.

60వ రోజు

ఈశాన్యం మూల ఇంకో రెండంగుళాలు దిగింది. వాస్తు చూసేవాళ్ళెవరన్నా మిగిలుంటే మురిసిపోయేవారు, ఈశాన్యం పల్లంగా ఉంటే ఇంటికి మంచిదట! మా ఇల్లు సముద్రం మీద తేలుతోంది నాయనా. పైగా మంచినీళ్ళ తొట్టి ఆ మూలే ఉంది. ఇంకో జానెడు దిగితే కెరటం తొట్టిలోకి ఎక్కుతుంది, మా తాగే నీళ్ళన్నీ ఉప్పయిపోతాయి. అమావాస్యకి తుఫాను గాలి మొదలవుతుందని కబురొచ్చింది. సరిగ్గా పదిహేను రోజులు.

దిగిపోవడానికి కారణం గుల్ల. దిబ్బ అడుగున గాలి నింపిన పెద్ద డొల్లలుంటాయి, వాటి మీదే మేమంతా తేలేది. వాటికి గుల్ల పట్టి బరువెక్కిస్తుంది. ఆ మూల డొల్లల సందుల్లోకి దూరి గీకగలిగింది లోవకుమారి ఒక్కతే. మా ఆయన చెల్లెలు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఆడపడుచు నా గదిలోనే ఉంది, నా నోటికి భయపడకుండా ఉన్నదీ అదొక్కతే.

లోవ మొప్పల చొక్కా తొడుక్కుని దిగింది. ఆ చొక్కా నీళ్ళలోంచి గాలి తీసి ఇస్తుంది. కానీ డొల్లల కింద కొన్నిచోట్ల నీళ్ళు కదలకుండా కుళ్ళిపోయి ఉంటాయి, అక్కడ చొక్కాకి గాలి దొరకదు. అందుకే తాడు. ఒక్క గుంజు గుంజితే బాగున్నానని. రెండైతే తాడు వదలమని. మూడైతే గుల్ల సంచి లాగమని. వరసగా నాలుగైతే నన్ను లాగెయ్యమని. మాటామంతీ అంతే.

తడితాడు పట్టుకుంటే వేళ్ళలో సూదులు గుచ్చినట్టుంది. మందు వల్ల చల్లదనం తగిలితే అలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఉన్ని తొడుగులు వేసుకున్నాను. లోవ పైకొచ్చి చూసి, "ఏం వదినా, పెళ్ళికూతురిలా చేతులు దాచుకుంటున్నావు? మళ్ళీ సంబంధాలేమైనా చూస్తున్నావా?" అంది. "నోర్ముయ్యవే" అన్నాను. ఆ రెండు మాటలకే రొప్పు వచ్చింది. దగ్గినట్టు నటించాను.

62వ రోజు

ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండానే సాయంత్రానికి అలిసిపోయాను. సిగ్గుగా ఉంది.

ఎందుకు సిగ్గో కూడా రాస్తాను. మా అత్త, అంటే లోవ వాళ్ళమ్మ, పోయే ముందు చాన్నాళ్ళు రోజూ రెండు వేళ్ళే ఎత్తేది. అప్పుడు దిబ్బ మీద డాక్టరు లేదు. "కడుపులో ఏదోలా ఉందే, కాళ్ళు లాగేస్తున్నాయే" అనేది. ఇంకొకరి వేళ్ళ గురించి మాట్లాడకూడదన్నది పద్ధతి. నేను చపటా మీద, అందరూ వింటుండగా, "కూర్చుని తినడానికి రెండు వేళ్ళు చాల్లే" అన్నాను. అందరూ నవ్వారు. మా అత్త ఆ మర్నాడు ఐదు ఎత్తి వెళ్ళి వలలు ఉతికింది. నాలుగు నెలలకి పోయింది.

అలాంటిదాన్ని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రెండు ఎత్తను?

65వ రోజు

అబద్ధం రాయనన్నాను కదా, రాస్తున్నాను.

పొద్దున్న ఎనిమిది ఎత్తాను. లోవ మూలడొల్ల కిందకి దిగింది. మొదట ఒక గుంజు వచ్చింది, బాగున్నానని. నేనూ ఒకటి గుంజాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నిద్ర పట్టలేదు, కళ్ళు తిరగలేదు, ఒట్టు. నిలబడే ఉన్నాను. మెల్లిగా భుజాల దగ్గర్నుంచి ఎవరో నన్ను ఖాళీ చేస్తున్నట్టుంది. తాడు కదిలింది. అలేమో అనుకున్నాను, తొడుగుల్లో తిమ్మిరెక్కిన వేళ్ళకి ఏం తెలుస్తుంది? మళ్ళీ కదిలింది. అప్పుడు తెలిసింది అది నాలుగని. ఎన్నోసారి నాలుగో తెలీదు.

లాగాను. రెండు బారలు లాగానేమో, చేతులు వాటంతటవే విచ్చుకున్నాయి. తాడు జర్రున కిందకి పోయింది. పరుగున వచ్చి వంటశాల సూరమ్మా ఇంకొందరూ పట్టుకోకపోతే తాడు కొస కూడా నీళ్ళలో పడేది. "అయ్యబాబోయ్, లాగండర్రా" అని నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు.

లోవ పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిస్తే నీళ్ళు కక్కింది, ఊపిరి తీసుకుంది. బతికింది. తల్లీ, బతికింది.

66వ రోజు

దానయ్య బాబాయ్ వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నలభై ఏళ్ళుగా తక్కువ ఎత్తేవాళ్ళ మీదే కన్నేసి ఉంచానమ్మా. ఎక్కువ ఎత్తేవాళ్ళుంటారని నా బుర్రకి తట్టలేదు" అన్నాడు. తాడు ఇక నాది కాదని చెప్పి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళ పని. అతని వెనక తలుపు కూడా వెయ్యలేకపోయాను.

లోవ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. గొంతు బొంగురుపోయి ఉంది. "ఎన్నున్నాయి వదినా నిజంగా?"

"రెండు."

"ఎప్పట్నించి?"

"మందు మొదలైన రెండో వారం నుంచి."

నడుము మీద తాడు ఒరుసుకున్న చోట తడుముకుంది. తర్వాత, "అంటే నా ప్రాణాన్ని రెండు వేళ్ళ మీద పెట్టి తిప్పావన్నమాట" అంది. అరిచినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

"నేను పనిదొంగనైపోయానే" అన్నాను. "పుండు తీసేశారు కదా, ఒంట్లో ఇంకేం లేదు కదా. ఇదంతా బద్ధకం కాకపోతే ఇంకేంటే? ఆ మాట ఒప్పుకోలేక ఎత్తాను."

లోవ నన్ను ఎగాదిగా చూసింది. "బద్ధకమో కాదో నువ్వెవరు చెప్పడానికి? పద, డాక్టరమ్మనడుగుదాం" అంది. చావు తప్పించుకుని ఒక్క రోజు కాలేదు, నన్ను చెయ్యిపట్టి లేపింది.

67వ రోజు

ఈ రోజు చూసింది ఎలా రాయాలో నాకు తెలీదు. డాక్టరమ్మ నిన్న మేం వెళ్ళినప్పట్నుంచీ పూటపూటకీ ఉమ్మి అడిగింది, నెత్తురు తీసుకుంది, ఒంట్లోవి వెలిగించే మెరుపునీళ్ళు ఒక గ్లాసుడు తాగించింది, అదే మందు నరంలోకీ ఎక్కించింది. గంట తర్వాత మమ్మల్నిద్దర్నీ చూపుగదిలోకి తీసుకెళ్ళింది. గదంతా చీకటి. ఒక పక్క గోడ నేల నుంచి కప్పు దాకా ఖాళీ.

"ఏం చూడాలనుంది?" అంది.

"నేను బద్ధకస్తురాలినో కాదో చూపించండి" అన్నాను.

గోడ వెలిగింది. నేనే. ఇంతెత్తున నేను, తోలు లేకుండా, మాంసం లేకుండా, లోపల తిరిగేవన్నీ చుక్కలు చుక్కలుగా మెరుస్తూ. లోవ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ నా తుంటి ఎముక దగ్గరకి తీసుకెళ్ళింది. ఎముక లోపల ఎర్రకణాలు పుట్టి బయటికి దొర్లుతున్నాయి, జల్లెడ పట్టిన కందిపప్పు రాలినట్టు. "మనిషి ఒంట్లో సెకనుకి ఇరవై లక్షలు పుడతాయి" అంది. నేను తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. అంతేనట. సెకనుకి! నేను ముక్కు చీదుకునేలోపు ఎన్ని లక్షలు!

"మీలో అన్ని పుట్టట్లేదు. పుండు నెలల తరబడి కారింది, నెత్తురు పోయింది, ఇనుము పోయింది. ఉన్న ఇనుము కూడా..." అని కాలేయం వైపు చూపించింది. అక్కడ గోధుమరంగు చుక్కలు గుట్టలు గుట్టలుగా పడున్నాయి.

"ఉందిగా మరి బోలెడు!" అంది లోవ.

"ఉంది. తాళం వేసి ఉంది."

"ఎవరు వేశారు?"

"మీ వదిన కాలేయమే. ఒంట్లోకి ఏదో సూక్ష్మజీవి దూరిందని అనుకుంటోంది. సూక్ష్మజీవులకి ఇనుమంటే ప్రాణం. వాటికి దొరక్కుండా దాచేస్తోంది. ఆ దాచడంలో ఎముకకి కూడా అందకుండా పోతోంది."

నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. నాకు తెలీకుండా, నన్నడక్కుండా, నన్ను కాపాడ్డానికి నా కాలేయం తలుపులు వేసుకుని కూర్చుంది. దాన్ని తిట్టాలో దండం పెట్టాలో తెలీలేదు.

తర్వాత పసుపుపచ్చ చుక్కలు వెలిగించింది. కోసి కుట్టిన చోటి నుంచి, మందుకి పలచబడిన పేగుల గోడల నుంచి అవి బయల్దేరుతున్నాయి. పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవుల తునకలు ఆ పలచని గోడలోంచి నెత్తురులోకి జారుతుంటే, వాటిని చూసిన కాపలా కణాలు కబుర్లు పంపిస్తున్నాయట. ఆ కబుర్లే పసుపు చుక్కలు. కొన్ని నెత్తుట్లో కొట్టుకుపోతున్నాయి. కొన్ని కడుపు నుంచి మెడ మీదుగా పోయే పెద్ద నరాన్ని తడుతున్నాయి, తట్టిన ప్రతిసారీ నరం మీద ఒక మెరుపు మెదడు దాకా పరుగెత్తుతోంది. ముప్ఫై ఏళ్ళు తాడు పట్టినదాన్ని, అది గుంజు కాక మరేంటో నాకు ఒకరు చెప్పాలా?

"ఏం చెబుతోంది?" అన్నాను.

"పడుకో అని. తినకు, కదలకు, ఎవరితో మాట్లాడకు, ఉన్న బలమంతా లోపలి పనికి వదిలెయ్యి అని. జ్వరం వచ్చినప్పుడు చెప్పే మాటే ఇది. మనుషులకే కాదు, చేపలకి కూడా ఒంట్లో బాగోకపోతే ఈ కబురే వెళ్తుంది. కోట్ల ఏళ్ళ నాటి మాట. మీకు రోజుల తరబడి ఆగకుండా వస్తోంది."

కోట్ల ఏళ్ళు! దాని ముందు నా ఎనిమిది వేళ్ళు ఎంత?

తొడ కండలోకి తీసుకెళ్ళింది. కణకణంలోనూ చిన్న చిన్న పొయ్యిలున్నాయి, తిన్నదాన్ని సత్తువగా మార్చేవి. చాలావాటిలో మంట మసకగా ఉంది, మందు వాటిని కూడా దెబ్బ కొట్టిందట. లోవ తన తొడ కూడా చూపించమంటే, అందుకు తనూ మెరుపునీళ్ళు తాగాలంది డాక్టరమ్మ. ఉమ్మి పరీక్షల గీత కూడా చూపించింది. మనిషిని పొద్దున్నే లేపే రసం ఒకటి తెల్లవారేసరికి బాగా పెరిగి చీకటి పడేసరికి తగ్గాలట. నాలో అది పొద్దున్న లేవదు, రాత్రి పడుకోదు. నాలాగే.

"ఇందులో దేని పాపం ఎంత?" అన్నాను.

"అది నాకు పూర్తిగా తెలీదండి. ఒకదాన్ని ఒకటి ఎగదోస్తున్నాయి. తెలిసినంతవరకే చెప్పాను. బద్ధకం మాత్రం నాకెక్కడా కనపడలేదు."

అప్పుడు అక్కడున్న బల్ల మీద నన్ను పడుకోమంది. పడుకున్నాను. కాళ్ళు చేతులు వదిలేసి, రోజూ పడుకున్నట్టే, పనికిమాలినదానిలా పడుకున్నాను. పడుకుని గోడ చూశాను.

ఒక్కరు కూడా ఊరికే లేరు. కుట్టిన చోట కణాలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి అతుక్కుంటున్నాయి. చచ్చినవాటిని మోసుకుపోయేవి మోసుకుపోతున్నాయి. పలచబడిన పేగు గోడ కిందినుంచి కొత్త గోడ లేస్తోంది. ఎముక, అంత కరువులోనూ, ఉన్నంతలో ఎర్రకణాల్ని పుట్టిస్తూనే ఉంది. కండ తనని తాను కరిగించుకుని ఆ కరిగిన సరుకు కూలిపోయిన చోట్లకి పంపిస్తోంది. అంత పని, అంత మంది, ఒక్క కేక లేకుండా. నేను సిగ్గుపడి ముఖానికి దుప్పటి కప్పుకున్న ప్రతి మధ్యాహ్నమూ లోపల ఇదే జరుగుతోంది. ఇదంతా నాదేనా? ఇంతమందిని పెట్టుకుని నేను పనిదొంగనన్నానా? కళ్ళంట నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి.

లోవ వచ్చి బల్ల అంచున కూర్చుంది. తర్వాత మెల్లిగా, "అమ్మకీ ఇలాగే జరిగుంటుందా వదినా?" అంది.

లేచి కూర్చుని దాని చేతులు రెండూ పట్టుకున్నాను. "నేనన్న మాట నీకు గుర్తుందా?" అన్నాను.

"ఉంది."

"తప్పే. చాలా పెద్ద తప్పే" అన్నాను. అది తలూపింది. ఫరవాలేదని అనలేదు. అననందుకు దాని మీద గౌరవం పెరిగింది.

69వ రోజు

ఇనుము నేరుగా నరంలోకి ఎక్కించడం మొదలెట్టారు, తాళాన్ని తప్పించుకుని ఎముకకి కొంతైనా అందుతుందని. రోజుకి నలభై అడుగులు నడవమంది డాక్టరమ్మ, పడుకున్నకొద్దీ కండ ఇంకా కరుగుతుందట. నలభైకి మించి ఒక్కటి కూడా నడవద్దంది. నిన్న నలభై ఒకటి నడిచి చీవాట్లు తిన్నాను.

ఈశాన్యం మూల ఇంకో ఐదంగుళాలు దిగింది. తొట్టికీ నీళ్ళకీ మధ్య బెత్తెడు మిగిలింది. వేరే వాళ్ళ తాడుతో ఆ సందుల్లోకి దిగనని లోవ మొండికేసింది. ఆ సందుల్లో తాడు డొల్లలకి రాసుకుంటుంది, రాపిడేదో గుంజేదో వదినకి తప్ప ఎవరికీ తెలీదంటుంది.

హాజరు గంట కొట్టారు. నా వంతు వచ్చింది. దానయ్య బాబాయ్ పలక మీంచి తలెత్తాడు. రెండు వేళ్ళు ఎత్తాను.

"ఇంతకు ముందు ఎత్తినవన్నీ దొంగ వేళ్ళే" అన్నాను. "ఇవి నిజం. వీటి గురించి ఎవరైనా నవ్వాలనుకుంటే నవ్వండి, నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే. కానీ నేను నా లోపల చూశాను. పడుకున్న మనిషిలో ఎంత పని జరుగుతుందో చూశాను. మీరు చూస్తే మీకూ నోట మాట రాదు." ఇంకా చెప్పాలనుకున్నాను గానీ ఊపిరి చాల్లేదు. చెయ్యి మాత్రం దించలేదు.

నా పక్కన సూరమ్మ అప్పటికే తొమ్మిది ఎత్తి ఉంది. ఆమె నా చెయ్యి వైపు చూసింది. ఒక వేలు ముడిచింది. ఇంకోటి. మూడు దగ్గర ఆగింది. "కూతురు పోయిన కాణ్ణించి ఇంతే" అంది, ఎవరూ అడక్కుండానే. అవతలి వరసలో ఒకాయన పది నుంచి ఆరుకి దించాడు. ఇంకొకరు దించారు. మరొకరు. ఎవరూ ఎవర్నీ చూడకుండా, అందరూ చూస్తూ. కొందరు పెంచారు కూడా, ఉన్నది ఉన్నట్టు. పక్షులు వాలుతున్నట్టు తొంభై నాలుగు మంది చేతుల్లో వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.

ఆఖరికి దానయ్య బాబాయ్ పలక నేల మీద పెట్టి తన చెయ్యి తనే చూసుకున్నాడు. నాకు తెలిసినప్పట్నుంచీ అతను రోజూ పది ఎత్తేవాడు. మూడు ఎత్తాడు. "మోకాళ్ళు పోయి ఆరేళ్ళయింది" అన్నాడు. తర్వాత లెక్క వేశాడు. నిన్న ఎనిమిది వందల పన్నెండు వేళ్ళు. ఈ రోజు ఐదు వందల ముప్ఫై. ఆ అంకె చూస్తూ అక్కడే చతికిలబడ్డాడు. "మరి ఇన్నేళ్ళూ ఈ దిబ్బని నడిపింది ఏ సత్తువర్రా?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. చూపుగదిలో గోడ ముందు నా గొంతులో ఉన్న ఆశ్చర్యమే ఉంది.

లోవ ముందుకొచ్చింది. "తాడుకి ఎనిమిది కావాలన్నారు గానీ ఎనిమిదీ ఒక్కరివే కావాలని ఎవరన్నారు? బాబాయ్‌వి మూడు, సూరమ్మక్కవి మూడు, వదినవి రెండు. లెక్క సరిపోయింది. వాళ్ళిద్దరూ లాగుతారు, వదిన తాడు వింటుంది. కానీ ఒకటి. ముగ్గురిలో ఎవరికి అయిపోయినా పని ఆగిపోవాలి" అంది.

ఎవరూ కాదనలేదు. ఆ పూటే దిగింది. వేళ్ళకి తిమ్మిరి కదా, తాడుని దవడ ఎముకకి ఆనించుకుని కూర్చున్నాను. లోవ గుంజిన మొదటి గుంజు పళ్ళలోకి వచ్చింది. ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. పావుగంటకి సూరమ్మ చాలంది, లోవని లాగేశారు. రెండు సంచుల గుల్ల వచ్చింది.

74వ రోజు

ఐదు రోజుల్లో తొమ్మిది సార్లు దిగింది. దిగిన ప్రతిసారీ కాసేపే. మూల లేచింది, రోజుకి అంగుళమో అంగుళమున్నరో. ఆరో సీసా వాయిదా వెయ్యమని నేనడిగితే డాక్టరమ్మ కస్సుమంది. అనుకున్న రోజుకే కట్టించుకున్నాను.

పొద్దున్నే గాలి మొదలైంది. అమావాస్య రేపు, గాలికి మాత్రం అందాకా ఆగే ఓపిక లేకపోయింది. మూలడొల్ల మీద ఇంకా నిలువెడు పట్టీ గీకాల్సి ఉంది. అదొక్కటీ అయితే తొట్టికి ఢోకా లేదు. లోవ దిగింది. నేను దవడకి తాడు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. బాబాయ్, సూరమ్మ నా వెనక తాడు పట్టుకున్నారు. మిగతా వాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

ఒక గుంజు. బాగుంది. మూడు గుంజులు, సంచి పైకొచ్చింది. మళ్ళీ ఒకటి. తర్వాత గాలి పెద్దదయింది. తాడు మీద రాపిడి, అల, రాపిడి. వింటున్నాను. వింటూ వింటూ ఉండగా భుజాల దగ్గర్నుంచి ఆ ఖాళీ మొదలైంది. పసుపు చుక్కలు బయల్దేరాయనుకున్నాను. తాడు మీద ఏది అలో ఏది కాదో చెరిగిపోతోంది.

ఇంకాస్తే పట్టీ ఉంది. ఒక్క పది నిమిషాలు. అందరూ నా మొహమే చూస్తున్నారు. ఓర్చుకోవే నూకరత్నం, ఇదొక్కటీ ఓర్చుకో అని పాత మనిషి లోపల్నుంచి అరుస్తోంది. కింద నుంచి నాలుగు గుంజులు రాలేదు. లోవ బాగానే ఉంది. ఇప్పుడు ఆపితే తొట్టి మునిగితే, ఆ మాట జన్మంతా నన్ను వదలదు.

"నాకు అయిపోయింది" అన్నాను. "లాగెయ్యండి."

సూరమ్మ ఒక్క మాట అడగలేదు. బాబాయ్ అడగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తాడు మీద చేతులేశారు. లోవ నీళ్ళలోంచి పైకి వచ్చింది, చపటా మీద బోర్లా పడింది. చొక్కా విప్పారు. పెదాలు రంగు మారి ఉన్నాయి. ఊపిరి ఎగపీలుస్తోంది, మాట రావట్లేదు. నేను పాక్కుంటూ దాని దగ్గరకి వెళ్ళాను.

"నువ్వు గుంజలేదేమే?" అన్నాను.

కాసేపటికి మాట వచ్చింది. "కాసింతే మిగిలింది వదినా. ఓర్చుకుందామనుకున్నాను. తర్వాత గుంజుదామంటే చెయ్యి లేవలేదు." మళ్ళీ ఊపిరి తీసుకుంది. "నువ్వెలా విన్నావు?"

"నేనేం వినలేదే" అన్నాను. "నాకే అయిపోయింది."

అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. ఆ పది నిమిషాలూ నేను ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలిసింది.

బాబాయ్ మూల దగ్గర కర్ర పెట్టి కొలిచి వచ్చాడు. జానెడుంది, చాలుతుందేమో, చాలకపోతే తొట్టిలో నీళ్ళు బిందెల్లోకి ఎత్తుకుందాం, అందరం ఉన్నాం కదా అన్నాడు. మా గదికి ఇరవై అడుగులుంటుంది, ఈ రోజు నలభైలో నాకు మిగిలినవి పది. అందుకని అక్కడే, పగటిపూట, అందరి మధ్యా, లోవ పక్కన చపటా మీద పడుకున్నాను. ఎవరో మా ఇద్దరి మీదా దుప్పటి కప్పారు. ముఖం మీదకి లాక్కోలేదు.